పసిబిడ్డను ఎవరికి అప్పగింపవలెను?

తల్లి పనికి పోవలెను. బిడ్డకు ఇంకను నడక రాలేదు. ఈ రెండు సంగతులు కలిసిన ప్రతి ఇంట ఒక ప్రశ్న పుట్టును: పగటి పూట బిడ్డను ఎవరు చూడవలెను? పొలమున నాట్లు వేయు కూలి స్త్రీకిని, పట్టణమున పాఠము చెప్పు ఉపాధ్యాయినికిని ఈ ప్రశ్న ఒక్కటియే. సమాధానములు మాత్రము వేరు. ఒకరు చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టుదురు. ఒకరు ఊరినుండి అమ్మమ్మను పిలిపించుకొందురు. ఒకరు ఆయాను కుదుర్చుకొందురు. ఒకరు శిశుగృహమునకు, అనగా ‘క్రెష్’నకు, పంపుదురు. ఇవి ఏవియు కుదరని ఇంట ఆరవ తరగతియో, ఎనిమిదవ తరగతియో చదువుచున్న అక్క బడి మాని తమ్ముని చంకనెత్తుకొనును.

ఈ ఏర్పాటులలో ఏది మేలు అని అడిగినచో పెద్దలు తమ అనుభవమునుబట్టి చెప్పుదురు. అనుభవము విలువ గలదే. కాని ఒక ఇంటి అనుభవము మరియొక ఇంటికి చాలదు. బిడ్డలను ఎవరు, ఎట్లు చూచినప్పుడు వారు ఎట్లు పెరిగిరో వైద్యులును, మనస్తత్వ శాస్త్రజ్ఞులును సుమారు 80 సంవత్సరములుగా పరిశీలించుచున్నారు. ఆ పరిశీలనలలో తేలిన ముఖ్య విషయములు తెలిసికొన్నచో, ఏర్పాటు ఏదైనను దాని మంచి చెడ్డలను మనమే తూచుకొనవచ్చును.

మొదటి మూడేండ్లలో జరుగునది

పుట్టినపుడు శిశువు మెదడు బరువు పెద్దవారి మెదడు బరువులో సుమారు నాల్గవ వంతు. రెండేండ్లు నిండునప్పటికి అది సుమారు ముప్పాతిక వంతు అగును. ఇది కేవలము బరువు పెరుగుట కాదు. నాడీకణములు ఒకదానితో నొకటి కలిసికొను సంధులు ఈ కాలమున విస్తారముగా ఏర్పడును. పలుమార్లు పనిచేసిన సంధులు బలపడును. పని లేనివి క్రమముగా తొలగిపోవును. పదిమంది నడచిన చోట బాట ఏర్పడును. నడవని చోట గడ్డి మొలచును. మెదడున జరుగునదియు ఇట్టిదే.

ఆ సంధులకు పని కల్పించునది ఏమి? బిడ్డ ‘ఊఁ’ అనును. తల్లి ‘ఊఁ’ అని బదులు పలుకును. బిడ్డ వ్రేలెత్తి కాకిని చూపును; ‘అదిగో కాకి, ఎగిరిపోయింది’ అని తాత చెప్పును. బిడ్డ ఏడ్చును, ఎవరో వచ్చి ఎత్తుకొందురు. పిలుపు, దానికి బదులు. మరల పిలుపు, మరల బదులు. ఇట్లు రోజుకు ఎన్నోమార్లు జరుగును. మాట నేర్చుటకును, తన కోపమును తానే అణచుకొనుటకును, క్రొత్త వస్తువును ధైర్యముగా ముట్టి చూచుటకును పునాది ఇదియే. కావున ఏ ఏర్పాటు విషయమునందైనను మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: నా బిడ్డ పిలిచినపుడు బదులు పలుకు మనిషి అక్కడ కలదా?

ఏడెనిమిది నెలల ప్రాయమున మరియొక మార్పు కనిపించును. అంతవరకు ఎవరెత్తుకొన్నను నవ్విన బిడ్డ క్రొత్తవారిని చూచి బెదరును. తనవారు కనుమరుగైనచో ఏడ్చును. దీనిని మొండితనమనుకొనరాదు. తనవారెవరో, పైవారెవరో గుర్తించు శక్తి వచ్చినదనుటకు ఇది గుర్తు. ఈ బెదురు ఏడాది, ఏడాదిన్నర ప్రాయమున హెచ్చుగా నుండి, తరువాత మెల్లగా తగ్గును.

శరణాలయములు నేర్పిన పాఠము

1945లో రెనె స్పిట్జ్ అను వైద్యుడు రెండు చోట్ల పెరుగుచున్న శిశువులను పోల్చి చూచెను. ఒకటి స్త్రీల కారాగారమునకు చేరిన శిశుశాల. అక్కడ తల్లులే తమ బిడ్డలను సాకుచుండిరి. రెండవది అనాథ శిశువుల శరణాలయము. అక్కడ ఆహారము, శుభ్రత, వైద్యము అన్నియు బాగుగనే యుండెను. కాని ఒక్కొక్క దాది అనేకమంది శిశువులను చూడవలసి వచ్చెను. కారాగారపు శిశువులు ఆరోగ్యముగ పెరిగిరి. శరణాలయపు శిశువులు మాటకును, నడకకును వెనుకబడిరి. రెండేండ్ల కాలమున వారిలో మూడవ వంతుకు పైగా మరణించిరి. పాలు, మందు, తెల్లని పక్కబట్ట ఉన్నను ఎత్తుకొని మాటలాడు మనిషి లేకున్నచో బిడ్డ పెరుగదని వైద్యలోకమునకు అప్పుడు తెలిసెను.

1951లో ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు వ్రాసిన గ్రంథమున ఈ విషయమును విపులముగ చర్చించెను. దానిని చదివిన పలువురు, తల్లి ఒక పూటయైనను బిడ్డను విడువరాదని అర్థము చేసికొనిరి. ఇది తొందరపాటు. ఇంటిని, తల్లిని పూర్తిగా కోల్పోయిన శిశువు వేరు; సాయంకాలము తల్లి ఒడి చేరు శిశువు వేరు. ఈ భేదమును మైకేల్ రటర్ 1972లో స్పష్టముగ విడదీసి చూపెను. అంతకు ముందే, 1964లో, రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అను వారు గ్లాస్గో నగరమున 60 మంది శిశువులను ఇండ్లలో పరిశీలించిరి. ఏడాదిన్నర నిండునప్పటికి వారిలో అత్యధికులు తల్లిని మాత్రమే కాక తండ్రిని, అవ్వను, తాతను, అన్నదమ్ములను కూడ తమవారిగా ఎంచుకొనిరి. మన ఉమ్మడి కుటుంబములలో తరతరములుగా కనిపించునది ఇదియే. బిడ్డకు తనవారు ఒక్కరే కానక్కరలేదు. కాని వారు కొద్దిమందిగను, మారకుండగను ఉండవలెను.

క్రెష్ ఎట్లు పుట్టినది?

‘క్రెష్’ అను ఫ్రెంచి పదమునకు పశువుల మేత తొట్టి అని అర్థము. క్రీస్తు పుట్టినపుడు అట్టి తొట్టిలో పరుండబెట్టిరను కథనుబట్టి ఆ పేరు శిశుగృహమునకు వచ్చినది. 1844లో ఫిర్మిన్ మార్బో పారిస్ నగరమున శ్రామిక స్త్రీల బిడ్డలకొరకు అట్టి గృహమును తెరచెను.

మన దేశమున బట్టల మిల్లులు వచ్చిన తరువాత ఈ అవసరము తీవ్రమైనది. బొంబాయి మిల్లులలో పనిచేయు స్త్రీలు, బిడ్డ పనిగంటలలో లేవకుండ నుండుటకై నల్లమందు మాత్ర వేయుట 20వ శతాబ్ది తొలి దశకములలో మామూలుగ నుండెనని వైద్యుల నివేదికలు తెలుపుచున్నవి. ఆ తల్లులు క్రూరులు కారు. వారికి వేరు దారి లేదు. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టము, 50 మందికి మించి స్త్రీలు పనిచేయు ఫ్యాక్టరీలో శిశుగృహ ముండవలెనని విధించెను. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మన రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్, ఇండ్లు కట్టు కూలీల బిడ్డలకొరకు పనిచోటనే శిశుగృహమును నెలకొల్పెను. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతములలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము అంగన్‌వాడీలను దేశమంతట వ్యాపింపజేసెను. 2017లో ప్రసూతి ప్రయోజనముల చట్టమును సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారముల సెలవును, 50 మందియో అంతకు మించియో పనివారుగల సంస్థలకు శిశుగృహమును, తల్లి రోజుకు నాలుగుమార్లు బిడ్డను చూచివచ్చు హక్కును కల్పించిరి.

లెక్క వేసి చూడుడు

శిశుగృహమును ఎంచుకొనునపుడు పలువురు గోడమీది బొమ్మలను, నేలమీది రంగుల చాపలను చూచెదరు. ముందుగ చూడవలసినది ఒక సంఖ్య: ఒక్కొక్క ఆయాకు ఎందరు బిడ్డలు?

ఈ చిన్న లెక్కను విద్యార్థులును వేయవచ్చును. ఏడాది లోపు శిశువునకు పగటి పూట 5 మార్లు బట్ట మార్చవలెననుకొందము. మారొక్కంటికి 5 నిమిషములైన 25 నిమిషములు. 4 మార్లు పాలో, మెత్తని అన్నమో పెట్టవలెను. 15 నిమిషముల చొప్పున 60. రెండుమార్లు నిద్రపుచ్చుటకు 10 నిమిషముల చొప్పున 20. మొత్తము 105 నిమిషములు. ఎనిమిది గంటల పనిదినమున 480 నిమిషములు కలవు. నలుగురు శిశువులకు 420 నిమిషములు పోగా, ఎత్తుకొని ఆడించుటకు 60 నిమిషములు మిగులును. ఐదుగురైనచో 525 నిమిషములు కావలెను, దినము చాలదు. పదిమందియైనచో 1,050 నిమిషములు, అనగా పదిహేడున్నర గంటలు! అట్టిచోట ఆయా ఎంత మంచిదైనను, పాలసీసాను దిండుకు ఆనించి పోవుటయు, తడిసిన బట్టతో బిడ్డను వదలివేయుటయు తప్పవు. లోపము ఆమె గుణమున లేదు, లెక్కలోనే యున్నది.

అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము సూచించిన సంఖ్యలు ఈ లెక్కతో సరిపోవుచున్నవి. వారి ప్రకారము ఏడాది లోపు శిశువులు ముగ్గురికి ఒక సంరక్షకురాలు. ఏడాది మొదలు మూడేండ్లు నిండువరకు నలుగురికి ఒకరు. మూడేండ్ల వారు ఏడుగురికి ఒకరు. మన చోట ఇంత దొరకుట దుర్లభము. ఐనను రెండు కేంద్రములు కనిపించినపుడు, బొమ్మలు తక్కువగను మనుషులు ఎక్కువగను ఉన్న కేంద్రమే మేలు.

రెండవ సంఖ్య కాలమునకు సంబంధించినది: ఆ ఆయా అక్కడ ఎన్నాళ్లనుండి పనిచేయుచున్నది? నెలకొక మనిషి మారుచోట బిడ్డ ఎవరిని తనవారిగా ఎంచుకొనును? జీతము సరిగా ఇయ్యనిచోట మనిషి నిలువదు. కావున ఆయా జీతమును గూర్చి అడుగుట పరుల సంగతి కాదు, బిడ్డ సంగతియే.

పావుగంట కూర్చుండి చూడుడు

సంఖ్యలు తెలిసిన తరువాత మనిషిని చూడవలెను. చెప్పకుండ పోయి, ఒక మూల పావుగంట కూర్చుండుడు. తల్లిదండ్రులను గుమ్మముననే నిలిపి లోనికి రానీయని కేంద్రమునకు బిడ్డను పంపరాదు.

ఈ క్రింది విషయములను గమనింపుడు. బిడ్డ ఏడ్చినపుడు ఎవరైన వెంటనే కదలుచున్నారా? ఆయా వంగి, బిడ్డ కన్నులలోనికి చూచి మాటలాడుచున్నదా, లేక నిలుచుండి ఆజ్ఞలు మాత్రమే ఇచ్చుచున్నదా? బట్ట మార్చునపుడు మాట కలుపుచున్నదా? ఆమె గదిలోనికి రాగానే బిడ్డలు ఆమె వైపు ప్రాకి పోవుచున్నారా, ముడుచుకొనుచున్నారా? టెలివిజన్, సెల్‌ఫోను బిడ్డల ముందుంచి కూర్చుండబెట్టినారా? తెరమీది బొమ్మ బిడ్డ పిలుపునకు బదులు పలుకదు. అది పిలుపు బదులుల ఆటను ఆపివేయును.

బిడ్డలు గలచోట కొంత సందడి సహజము. మిట్ట మధ్యాహ్నము కాని వేళ పదిమంది బిడ్డలు ఒక్కమారుగా నిశ్శబ్దముగ పడియుండుట చూచి సంతోషింపరాదు. నల్లమందు మాత్రల కాలము పోయినను, నిద్రమత్తు కలిగించు దగ్గుమందును దుర్వినియోగము చేయువారు లేకపోలేదు. ఇంటికి వచ్చిన బిడ్డ తరచు మత్తుగ నున్నచో వైద్యునికి చూపవలెను.

నీరు, నేల, పక్క, గిన్నె

బిడ్డలు గుంపుగ చేరినచోట జలుబు, విరేచనములు వ్యాపించుట సులభము. చేరిన తొలి నెలలలో జలుబులు పలుమార్లు రావచ్చును, దానికి భయపడనక్కరలేదు. కాని బట్ట మార్చిన తరువాతను, అన్నము పెట్టుటకు ముందును ఆయా సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఈ ఒక్క అలవాటువలన శిశుగృహములలో విరేచనముల రోగము సుమారు మూడవ వంతు తగ్గునని పరిశోధనలు చూపినవి. బట్టలు మార్చుచోటు, అన్నము కలుపుచోటు వేరువేరుగ నున్నవా? చేర్చుకొనునపుడు టీకాల కార్డు అడిగినారా? అడుగుటయే మంచి గుర్తు.

ఏడాది లోపు శిశువును వెలికిల పరుండబెట్టవలెను, బోరగిల పరుండబెట్టరాదు, మెత్తని దిండ్లు ముఖముచుట్టు ఉండరాదు. వేరుశనగ గింజలు, శనగలు, రేగుపండ్లు, నాణెములు, గడియారములలోని గుండ్రని చిన్న బ్యాటరీలు చేతి కందరాదు. సగము నిండిన బకెట్టులో తలక్రిందులైన బిడ్డ తనంతట పైకి లేవజాలదు. స్నానపు గదికి గడియ ఉన్నదో లేదో చూడుడు. బావి, మెట్లు, కరెంటు ప్లగ్గులు, వంటగది ఎక్కడనున్నవో కనుగొనుడు.

ఆరు నెలలవరకు తల్లిపాలే చాలును. తల్లి పిండి ఇచ్చిన పాలు మన వేసవి వేడికి త్వరగ చెడును; కావున చల్లగ నుంచు వసతి కావలెను. ఆ పాలను పాలసీసాకంటె ఉగ్గుగిన్నెతో పట్టుట శుభ్రము. గిన్నెను తోముట సులభము, సీసా మూలలు తోముట కష్టము.

ఇంటి ఏర్పాటులు

అమ్మమ్మయో, నాయనమ్మయో ఉన్నచో బిడ్డకు తనవారి ఒడియే దొరకినట్లు. కాని మోకాళ్ల నొప్పులుగల వృద్ధురాలు ప్రాకుచు పరుగెత్తు బిడ్డ వెంట ఎనిమిది గంటలు తిరుగలేదు. ఆమెకు సహాయముగ ఒక మనిషియో, కొన్ని గంటలు శిశుగృహమో కుదిర్చినచో ఇద్దరికిని మేలు. ఇంటికి వచ్చు ఆయా ఉన్నచో ఒక్క బిడ్డకు ఒక్క మనిషి. లెక్కకు ఇది ఉత్తమము. కాని తలుపు మూసిన ఇంట ఏమి జరుగునో చూచువారు లేరు. కావున పొరుగువారి రాకపోకలు గల ఇల్లు మంచిది. తల్లిదండ్రులు అప్పుడప్పుడు వేళగాని వేళ వచ్చి చూడవలెను.

అంగన్‌వాడీలు ముఖ్యముగా మూడు మొదలు ఆరేండ్ల పిల్లలకు కొన్ని గంటల ఆటపాటలను, భోజనమును సమకూర్చుచున్నవి. మూడేండ్ల లోపు శిశువుకు ఆహారము, టీకాలు, తూకము అక్కడ లభించును గాని, దినమంతయు చూచుకొను ఏర్పాటు సాధారణముగ లేదు. ఈ లోపమును పూరించుటకై అంగన్‌వాడీతోపాటు శిశుగృహమును నడుపు ‘పాల్నా’ పథకమును 2022లో కేంద్ర ప్రభుత్వము రూపొందించినది. మీ ఊర అట్టి కేంద్ర మున్నదేమో విచారింపవలెను. లేనిచో గ్రామసభలో అడుగవలెను.

అలవాటు చేయు పద్ధతి

మంచి చోటు దొరకినను మొదటి దినమే ఉదయమునుండి సాయంకాలమువరకు వదలివేయరాదు. మొదటి రెండు మూడు దినములు తల్లియో, తండ్రియో ప్రక్కనే కూర్చుండవలెను. తరువాత అరగంట, తరువాత గంట, ఆపైన ఒక పూట. ఇట్లు పది పదునైదు దినములలో కాలమును పెంచవలెను. ఇంటి వాసనగల పాత చీర ముక్కనో, అలవాటైన బొమ్మనో వెంట పంపవచ్చును. బిడ్డ చూడనపుడు దొంగతనముగ జారుకొనరాదు. ఏడ్చినను ‘పోయి వస్తాను, సాయంకాలము వస్తాను’ అని చెప్పియే పోవలెను. చెప్పిన వేళకు రావలెను. నిత్యమును పోయినవారు తిరిగి వచ్చెదరని బిడ్డ నేర్చుకొనుట పెద్ద పాఠము.

విడుచునపుడు ఏడ్చి, కొంతసేపటికి ఊరడిల్లి ఆడుకొనుట సహజమే. నెల గడచినను ఊరడిల్లకుండుట, బరువు తగ్గుట, నేర్చిన మాటలు మానుట, ఒంటిమీద కారణము తెలియని గాయములుండుట చెడు గుర్తులు. అట్టిచో కారణము విచారించి, అవసరమైనచో చోటు మార్చవలెను.

ఫలితములు ఎట్టివి?

శిశుగృహమునకు పోయిన బిడ్డలు చెడిపోవుదురా? అమెరికాలో 1991నుండి పది చోట్ల 1,300 మందికి పైగా శిశువులను పుట్టినప్పటినుండి ఏండ్లతరబడి పరిశీలించిరి. శిశుగృహమునకు పోవుటవలననే తల్లితో బంధము సడలుట వారు కనుగొనలేదు. మంచి సంరక్షణ పొందిన బిడ్డలు మాటలందును, గ్రహణశక్తియందును కొంచెము ముందుండిరి. మిక్కిలి దీర్ఘకాలము బయటి సంరక్షణలో గడపినవారిలో పెంకితనము కొంచెము హెచ్చుగ కనిపించినది. అదియు చాలవరకు సామాన్యమైన హద్దులలోనే. అన్నిటికంటె బలముగ పనిచేసినది ఇంటి వాతావరణము. కావున శిశుగృహము ఇంటికి సహాయము, బదులు కాదు. సాయంకాలమున అలసిన తల్లికి వంటపని తప్పించి, బిడ్డతో కూర్చుండు వీలు కల్పించు తండ్రియు ఈ సంరక్షణలో భాగస్వామియే.

మంచి సంరక్షణకు ధనమే ప్రధానమా? జమైకా ద్వీపమున 1980 తరువాతి దశకమున ఎదుగుదల తగ్గిన 129 మంది బీద శిశువులను తీసికొని, వారిలో కొందరి ఇండ్లకు వారమున కొకమారు ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లపాటు పోయిరి. పారవేసిన డబ్బాలు, సీసాలు మొదలగు వాటితో చేసిన బొమ్మలతో బిడ్డను ఆడించుట, మాటలాడుట తల్లికి నేర్పిరి. ఇరువది ఏండ్ల తరువాత చూడగా, ఆ బిడ్డల సంపాదన అట్టి సహాయము పొందనివారికంటె సుమారు 25 శాతము హెచ్చుగ నుండెను. చీపురుపుల్ల, కొబ్బరిచిప్ప, మూకుడు, ఒక పలుకరింపు చాలును. పలుకరించువారికి తీరిక యుండవలెను.

అక్క మాట

తుదకు ఉపాధ్యాయులకు ఒక మనవి. హాజరు పట్టికలో నాట్ల కాలమునను, ప్రత్తి తీయు కాలమునను కొందరు బాలికల పేర్లకెదురుగ వరుసగ గైరుహాజరు పడుచుండును. ఆ బాలిక ఆ దినములలో సోమరిగ లేదు. ఇంట తమ్మునో, చెల్లెలినో సాకుచున్నది. పండ్రెండేండ్ల అక్క ప్రేమకు కొరత లేదు. కాని బిడ్డ గొంతున గింజ అడ్డుపడినపుడు ఏమి చేయవలెనో ఆమెకు తెలియదు. ఆమె చదువును పోవును, శిశువు క్షేమమును సందేహమున పడును. ఒక్క లోటువలన ఇద్దరు బిడ్డలు నష్టపోవుచున్నారు.

మన రాజ్యాంగమునందలి 45వ అధికరణము, 2002లో సవరింపబడిన పిమ్మట, ఆరేండ్లు నిండువరకు బిడ్డలందరికిని సంరక్షణయు, విద్యయు కల్పింప ప్రయత్నింపవలెనని రాజ్యమును ఆదేశించుచున్నది. ఈ మాట కాగితము దాటి ఊరి శిశుగృహమగుటకు ముందు, ఊర ఎందరు పసిబిడ్డలు కలరో, వారిని పగలు ఎవరు చూచుచున్నారో తెలియవలెను. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు తమ వీధిలోని ఇండ్లు తిరిగి ఈ లెక్క వ్రాయగలరు. మూడు నిలువు గడులు చాలును: బిడ్డ వయస్సు, తల్లి పనివేళలు, ఆ వేళలలో బిడ్డ దగ్గరనున్న మనిషి వయస్సు. ఆ మూడవ గడిలో పదునాలుగుకంటె తక్కువ సంఖ్యలు ఎన్ని వచ్చునో లెక్కించి, ఆ కాగితమును పంచాయతీకి ఇచ్చినచో, ఊరికి శిశుగృహము కావలెననుటకు అంతకంటె మంచి ఆధారము వేరొకటి అక్కరలేదు.